పిన్ని టీవీ, పది బాతులు

అటక మీంచి పాత దుప్పట్ల మూట దించబోతే మా ఆవిడ చేతికి ఒక అట్టపెట్టె తగిలింది. అందులో నా చిన్ననాటి వీడియో గేమ్ ఉంది. బూడిదరంగు డబ్బా, ఒక క్యాసెట్టు, నారింజరంగు తుపాకీ. టీవీలో బాతులు ఎగురుతుంటే ఆ తుపాకీతో గురిచూసి కొట్టాలి.

"రౌండుకి పది బాతులు. పదికి పది కొట్టేవాణ్ణి" అని ఆవిడతో గొప్పగా చెప్పాను.

నరసరావుపేటలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పుకునే నేను, నలభై రెండేళ్ల వయసులో, గోడకున్న ఎల్‌ఈడీ టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని తుపాకీ ఎత్తాను. బొమ్మయితే వచ్చింది. బాతులు అడ్డంగా సాగిపోయి, పెళ్లిభోజనం చేసి వస్తున్నట్టు లావుగా ఎగిరాయి. ఎన్నిసార్లు కాల్చినా ఒక్కటి పడలేదు.

"అది మొదట్నుంచీ ఉత్త బొమ్మ తుపాకీయేమో. మీరే ఊహించుకుని ఉంటారు" అంది మా ఆవిడ, దుప్పట్లు దులుపుతూ.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ చాలా అంది. ఏదీ ఇంతగా గుచ్చుకోలేదు. ఆ సాయంత్రమే తుపాకీని సంచిలో పెట్టుకుని, ఊళ్లో ఎన్నో ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న సాయిబుగారి కొట్టుకి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, గొట్టంలోకి చూసి నవ్వాడు.

"ఇది కాల్చే తుపాకీ కాదు మాస్టారూ, చూసే తుపాకీ. మీట నొక్కంగానే టీవీలో బాతున్న చోట తెల్లగా మెరుస్తది. ఆ మెరుపు దీని కంట్లో పడాల. పాత డబ్బా టీవీలో అప్పటికప్పుడే మెరుస్తది. మీ ఎల్‌ఈడీ నిదానంగా చూపిస్తది, అప్పటికి ఇది చూడ్డం మానేస్తది. డబ్బా టీవీ తెచ్చుకోండి, సరిపోద్ది."

అలా మొదలైంది వేట. మన ఇళ్లలో పాత టీవీకి చావు లేదని, ఉద్యోగం మాత్రం మారుతుందని అప్పుడే తెలిసింది. మా కాలేజీ లెక్కల మాస్టారింట్లో అది కొత్త టీవీకి పీట. ఎడ్లపాడులో ఎవరింట్లోనో ఉందంటే బండేసుకుని వెళ్లాను. లోపలి సామానంతా తీసేసి గడ్డి పరిచారు, అందులో కోడి పొదుగుతోంది. అది నన్ను చూసిన చూపుకి నేనే వెనక్కి తగ్గాను.

చివరికి రొంపిచెర్లలో ఉండే మా పిన్ని గుర్తొచ్చింది. మా బాబాయి భార్య. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో నేను ఆ ఆట ఆడింది వాళ్లింటి టీవీ మీదే. పిన్ని ఇప్పటికీ సీరియళ్లు దాంట్లోనే చూస్తుంది. ఫోన్ చేశాను కానీ, బాతుల ఆట కోసమని చెప్పడానికి సిగ్గేసింది. వినేవాళ్లు ఏమనుకుంటారు?

"పిన్నీ, నీ పాత టీవీ నాకిస్తావా? ఇంట్లో చూసుకోడానికి" అన్నాను.

అవతల సీరియల్ చప్పుడు ఆగింది.

"ఏందిరా, అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది పిన్నీ."

"ఉద్యోగం ఉందా?"

"ఉంది."

"సరేలే. ఆదివారం నేనే తెస్తా" అంది, ఆస్పత్రిలో మాట్లాడే గొంతుతో.

ఆ వారమంతా వింతగా గడిచింది. గురజాల నుంచి మేనత్త ఫోన్ చేసి, కష్టాలు మనుషులకి కాక మానులకి వస్తాయా అన్న ధోరణిలో గంటసేపు ధైర్యం చెప్పింది. మాచర్ల బస్సులో ఒక బియ్యం బస్తా దిగింది. "మీరు ఎవరితో ఏం చెప్పారు?" అని మా ఆవిడ నిలదీసింది. నేను ఏమీ చెప్పలేదన్నాను. నిజమే, చెప్పకపోవడం వల్లే ఇదంతా వచ్చింది.

ఆదివారం పొద్దున ఆటో ఆగింది. పిన్ని దిగింది. వెనకాల డ్రైవరు పల్చటి పెద్ద అట్టపెట్టె దించాడు. సరికొత్త ఎల్‌ఈడీ టీవీ.

"నీ పాతది ఏది పిన్నీ?"

"ఆ డొక్కుది నీకిస్తానంట్రా? మీరు దాన్ని చూసుకుంటా కూర్చుంటే నాకు ముద్ద దిగుద్దా? ఇప్పుడే బజార్లో కొట్లో ఇచ్చేసి, దాని మీద ఇది తెచ్చా. పోయిన కాడికి పోనీ, నువ్వు దిగులు పడమాక."

నాకు కావలసిన ఒకే ఒక్క టీవీని మార్చేసి, నా గోడకి ఇదివరకే ఉన్నదాన్ని తెచ్చింది మా పిన్ని. ఇక దాచి లాభం లేక, తుపాకీ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి అంతా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "బంధువులందరికీ చెప్పి ఏడ్చాను గదరా" అంది. కానీ తిడుతూనే మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఎడమ కన్ను మూసి, గోడ మీది బల్లికి గురిపెట్టింది. ఆ కూర్చున్న తీరు చూడగానే పదికి పది ఎవరు కొట్టేవారో గుర్తొచ్చింది.

నేను కాదు. పిన్ని. అప్పుడావిడ కొత్త కోడలు. మధ్యాహ్నం తాతయ్య, బాబాయి పొలం వెళ్లగానే తలుపుకి గడియపెట్టి ఆడేది. ఆ తుపాకీ మీట టకటక ఏంటని ఎవరైనా అడిగితే చింతపిక్కలు కొడుతున్నానని చెప్పేది. నాతో ఒట్టు వేయించుకుంది కూడా. ఆ ఒట్టు నేను ఎంత నిష్ఠగా నిలబెట్టుకున్నానంటే, చివరికి ఆవిడ బాతులన్నీ నా ఖాతాలో వేసుకున్నాను.

"పదండి, పాతది ఇచ్చిన కొట్టుకి" అంది పిన్ని, కొత్త టీవీని మళ్లీ ఆటో ఎక్కిస్తూ.

కొట్టు వెనక గదిలో పాత టీవీలు పదిహేను దాకా పేర్చి ఉన్నాయి. అన్నీ నల్లవే, అన్నీ ఒకే సైజు. పిన్ని వంగి ఒక్కోదాని నెత్తి మీద వేలితో రాసి చూసింది. దసరాకి మోటారుకీ ట్రాక్టరుకీ పెట్టినట్టే ఏటా టీవీకీ బొట్టు పెట్టే అలవాటు ఆవిడది. నాలుగోదాని మీద కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి ఉంది.

"ఇది నాది. నీ కొత్తది నువ్వు తీసుకో" అంది. కొట్టతను ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

తీరా సాయిబుగారి కొట్లో పెట్టి చూస్తే తెర మూలన ఊదారంగు మచ్చ. స్పీకర్ల పక్కన పడేసి ఉంచారట, వాటిలోని అయస్కాంతం తెరకి పట్టిందన్నాడు సాయిబుగారు. తీగ చుట్టిన పెద్ద కంకణం ఒకటి తెచ్చి, తెర ముందు హారతి ఇచ్చినట్టు తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచాడు. మచ్చ పోయింది.

మా ఇంట్లో ఆడాం. నాకు మూడు బాతులు పడ్డాయి. పిన్ని కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. పదికి పది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"పదికి పది తనే కొట్టేవాణ్ణని మీ అబ్బాయి చెప్పారత్తయ్యా" అంది మా ఆవిడ.

"వాడా? వాడు కళ్లు రెండూ మూసుకుని కాల్చేవాడమ్మాయ్" అంది పిన్ని. నవ్వి, తుపాకీ ఒళ్లో పెట్టుకుని నాతో అంది. "టీవీ ఇస్తావా అని అడిగావు గానీ, ఆడదాం రా పిన్నీ అని ఒక్క మాట అనలేకపోయావా?"

ఆవిడ దాచుకున్నదే నేనూ దాచుకున్నాను. ఆవిడకి తాతయ్య భయం, నాకు ఎవరి భయమో ఇప్పటికీ తెలియదు.

ఆటో మళ్లీ పిలిచి టీవీనీ, డబ్బానీ, తుపాకీనీ పిన్నితో రొంపిచెర్ల పంపేశాను. తర్వాతి ఆదివారం నేనూ వెళ్లాను. వీధి మలుపులోనే టకటక వినిపించింది. పిన్ని ముందు గదిలో కూర్చుని ఆడుతోంది. పక్కనే మంచం మీద బాబాయి, పడ్డ బాతులు లెక్కపెడుతున్నాడు.

వీధి తలుపు బార్లా తీసి ఉంది.