బసవమ్మ బండికి ఫ్రీవీలు

రేపల్లె స్టేషను ఎదురుగా బసవమ్మకు ఎస్టీడీ బూత్ ఉండేది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. చేతులతో పెడలు తిప్పుకునే మూడు చక్రాల సైకిలు మీద రోజూ ఇంటి నుంచి అక్కడికి వచ్చేది. సెల్‌ఫోన్లు రాకముందు ఆమె వీధిలో సగంమందికి ఆమె నంబరే దిక్కు. దరఖాస్తుల్లోనూ శుభలేఖల మీదా దర్జాగా ఆ నంబరు వేసుకుని పక్కన ‘పీపీ’ అని, అంటే కబురు పెట్టి పిలిపించే పొరుగువాళ్ల ఫోనని, రాసేవారు. ఫోనొస్తే దారినపోయే ఎవరినో ఒకరిని బతిమాలి కబురు పంపేది. ఎవరి కోడలు నీళ్లోసుకుందో, ఎవరి బియ్యం లారీ ఎక్కడ ఆగిపోయిందో ముందుగా తెలిసేది బసవమ్మకే.

రెండువేల ఎనిమిది వేసవిలో ఆ సైకిలు మొండికేసింది. రెక్కలు పడిపోయేలా తిప్పినా పెడలు ఊరికే తిరుగుతుంది తప్ప బండి కదలదు. సైకిలు షాపు ఆశీర్వాదం విప్పి చూసి, గొలుసు పట్టి చక్రాన్ని లాగే పళ్ల బిళ్ల లోపల అరిగిపోయిందని తేల్చాడు.

“ఫ్రీవీలు పోయిందమ్మాయ్. దీన్ని బిగించే మర వేరు. మన సైకిళ్లది దీనికి పట్టదు.”

“తెనాల్లో దొరకదా బాబాయ్?”

“తెనాలీ అడిగా, బాపట్లా అడిగా. బండి మార్చెయ్యమన్నారు.”

అంత తేలిగ్గా చెప్పేవాళ్లంటే బసవమ్మకు ఒళ్లుమంట. వాళ్లకేం, కాళ్లున్నవాళ్లు.

చివరికి వాళ్ల వీధిలో నెట్ సెంటరు పెట్టిన విజయసారథి వెతగ్గా వెతగ్గా ఏదో ఆన్‌లైన్ దుకాణంలో అలాంటిదే కనబడింది. బసవమ్మ ఆటో మాట్లాడుకుని వెళ్లి, కంప్యూటరులో బొమ్మ చూసి, అదేనని తలూపింది. ఎప్పుడూ ముట్టుకోని వస్తువును బొమ్మ చూసి కొనడం ఆమెకు నచ్చలేదు. అయినా చేసేదేముంది?

“ఫోన్ నంబరు అడుగుతున్నాడక్కా. నా సెల్ నంబరు ఇవ్వనా?”

“నా నంబరుండగా నీదెందుకు? బూత్‌ది కొట్టు” అంది. ఇన్నాళ్లూ ఊరికి నంబరిచ్చిన మనిషి ఒకరి నంబరు కింద పీపీ అనిపించుకోవడం ఆమెకు చిన్నతనంగా తోచింది. సారథి అదే కొట్టాడు.

తర్వాత ఇంట్లో కూర్చుని ఎదురుచూపులే. అన్నం సయించలేదు. బూత్ తలుపు మూసి ఉంటే జనం ఎంత తిట్టుకుంటున్నారో అని దిగులు. ఎవరికి ఏ కబురు అందకుండా పోతోందో అని భయం. ఆటో ఎక్కాలన్నా ఇద్దరు మోయాలి. రోజూ ఎవరు మోస్తారు?

ఒక సాయంత్రం సారథి నసుగుతూ వచ్చాడు.

“సరుకు తెనాలి కొరియర్ ఆఫీసులో పడుందక్కా. కంప్యూటర్లో చూశా. కొరియరువాడు బూత్‌కి రెండుసార్లు ఫోన్ చేశాట్ట, ఎవరూ ఎత్తలేదంట. ఇంకో రెండ్రోజులుంచి వెనక్కి పంపేస్తాట్ట.”

బూత్ తెరవాలంటే ఫ్రీవీలు రావాలి. ఫ్రీవీలు రావాలంటే బూత్ తెరిచి ఉండాలి. ఆ సంగతి నంబరిచ్చిన రోజు తోచనందుకు బసవమ్మ తనను తానే తిట్టుకుంది. ఆశీర్వాదం మర్నాడు తెనాలి రైలెక్కి వెళ్లి దాన్ని తెచ్చి బిగించాడు. మర సరిగ్గా పట్టింది.

మరుసటి రోజు పొద్దున్నే బూత్ దగ్గరికి వచ్చేసరికి బసవమ్మకు చెమటలు కారిపోతున్నాయి. ఆమెను చూసి పక్క సోడా కొట్టు సాంబశివరావు లేచాడు.

“బాగున్నావా చెల్లెమ్మా?”

“ఉన్నానన్నయ్యా. నెల్రోజులు బూత్ మూసేసరికి జనం బాగా ఇబ్బంది పడుంటారు. ఎవరన్నా అడిగారా?”

సాంబశివరావు తల గోక్కున్నాడు. “అడగడమంటే... ఎవరూ రాలేదమ్మా. ఫోన్ మాత్రం లోపల రెండుసార్లు మోగింది.”

“రెండేనా?”

“రెండే. నేనిక్కడే ఉంటాగా.”

ఆ రెండూ ఎవరివో బసవమ్మకు తెలుసు. తలుపు తీయమని తాళం అతని చేతికివ్వలేదు. బండి తిప్పుకుని టెలిఫోన్ ఆఫీసుకు పోయింది. లైను తీసెయ్యమంటే అక్కడి గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

“పాత నంబరు కదమ్మా. ఎంతోమంది దగ్గర ఉండుంటుంది. వాళ్లకి ఇబ్బందవుద్దేమో, ఒక నెల ఆగి చూడండి.”

“ఆగానండి,” అంది బసవమ్మ. “ఎవరికీ అవలేదు.”