సాంచ దగ్గర మనిషి

మా బాపు, అదే మా నాన్న, సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచ అంటారు. షుగర్ ఉందని తెలిసినా చాయలో చక్కెర తగ్గించని మనిషి. పాదానికి పడిన పుండును అవ్వకు, అంటే మా అమ్మకు కూడా చూపించకుండా దాచాడు. అది ముదిరి కరీంనగర్ ఆసుపత్రి దాకా తెచ్చింది. డాక్టర్ చెడిన కండంతా తీసేసి, గాయంలో ఎర్రటి కొత్త కండ పడితే సరే, లేకపోతే పాదం తీసేయాల్సిందే అన్నాడు.

అప్పుడు మిషన్ పెట్టారు. గాయంలో స్పాంజి ముక్క, దాని మీద గాలి చొరకుండా ప్లాస్టిక్ పొర, పొరలోంచి ఒక గొట్టం. గొట్టం చివర టిఫిన్ డబ్బా అంత పెట్టె గాలిని లాగుతూ గాయంలోని చెడు నీటిని పీల్చేస్తుంది. రాత్రీ పగలూ ఆగకూడదు. సిస్టర్ ఈ మాట చెప్పినప్పుడు నేను మంచిర్యాలలో మా అత్తగారింట్లో ఉన్న పిల్లలతో ఫోనులో ఉన్నాను. తల మాత్రం ఊపాను.

మూడో రోజు కట్టు విప్పితే గాయం ఎలా ఉన్నదో అలాగే ఉంది, పైగా వాసన. ఇంకో రెండు కట్లు చూద్దామన్నాడు డాక్టర్. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాడైన మిషన్ అంటగట్టారని వార్డంతా వినేలా సిస్టర్ మీద ఒంటికాలి మీద లేచాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తీసుకుని వచ్చేసరికి బాపు నిద్రకు సిద్ధమవుతున్నాడు. కళ్లు మూసుకునే ముందు చెయ్యి చాచి, ఎంతో శ్రద్ధగా మిషన్ ఆపేశాడు. ఎందుకు ఆపావని అడిగాను.

“మనిషి దగ్గర లేకుంటే సాంచ నడిపియ్యద్దు బిడ్డా. పోగు తెగితే చూసేటోళ్లెవరు?”

పడుకునేటప్పుడల్లా ఆపేవాడట, లేవగానే వేసేవాడట. రాత్రి అవ్వ కునుకు తీసినా అంతే. సాంచను నడుస్తుండగా వదిలి నిద్రపోయేవాణ్ని ఆయన అసలు నేతగాడి కిందే లెక్కగట్టడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిస్టర్‌కు ముందు క్షమాపణ చెప్పి, తర్వాత సంగతి చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వింది.

“తాతా, గీడ నేసేటోనివి నువ్వు కాదు. నేసేది మిషన్. నువ్వు బట్టవు.”

బట్ట కావడం బాపుకు అంతగా నచ్చినట్టు లేదు.

“అయినా, సాంచ కాడ మనిషుండాలె గద,” అన్నాడు నా వైపు చూడకుండా.

నాలుగు రోజులుగా మందుల షాపని, క్యాంటీనని, ఫోనని తిరగడమే తప్ప ఆయన పక్కన గంటసేపు కూర్చున్నది లేదు. సిగ్గేసింది. ఫోను సంచిలో పడేసి స్టూలు దగ్గరికి లాక్కున్నాను. పగలు నేను, రాత్రి అవ్వ. బాపు ఊరుకుంటాడా, మాకు మేస్త్రీ అయి కూర్చున్నాడు. పొర అంచు లేచిందా, చెడు నీళ్ల డబ్బా నిండిందా అని ఒకటే ఆరా. గాలి పోతున్న చోటును వేలికొసతో తడిమి మాకంటే ముందు ఆయనే పట్టేవాడు.

తర్వాతి కట్టుకు గాయంలో అక్కడక్కడా ఎరుపు కనిపించింది. ఆ పై కట్టుకు గాయమంతా దానిమ్మ గింజల్లా ఎర్రటి కండ నిండింది. పాదం నిలిచింది, ఇంకో వారం మిషన్ ఉంచుదాం అన్నాడు డాక్టర్. అవ్వ ఏడ్చింది. నేను సంతోషం పట్టలేక సిస్టర్‌ను వాటేసుకున్నాను.

“ఇగ ఫికర్ లేదు. నువ్వు మంచిర్యాల పో బిడ్డా, పిల్లలు ఎదురు చూస్తుంటరు,” అన్నాడు బాపు.

“మిషన్ నడుస్తుంది గద బాపూ. ఎట్ల పోత?”

బాపు రెండు చేతులూ దుప్పటిలోకి లాక్కుని, కాసేపటికే గురక పెట్టాడు.