కొంగు కప్పుకుంటే ఖాళీ

పోయిన శుక్రవారం పొద్దెక్కే వేళ మా మామ కన్నుమూశారు. జబ్బేమీ లేదు. అంబలి తాగి, కొలిమి పక్కన ఎప్పుడూ కూర్చునే గోనెపట్టా మీద కాస్త ఒరిగారు. చెంబు తీసుకుందామని వెళ్లి పిలిస్తే పలకలేదు. పిలిస్తే పలక్కపోవడం మా ఇంట్లో మామూలే కాబట్టి నేను గాబరా పడలేదు. చెంబు కడిగి బోర్లించి మళ్లీ వచ్చి చూసినప్పుడు తెలిసింది.

ఆయన నా భర్తకు తండ్రి. అహోబిలం కొండల కింద మా చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న నాటు తుపాకులన్నిటికీ వైద్యుడు. కొర్ర, జొన్న, బుడ్డలు వేసిన మెట్ట చేల మీదికి అడవి పందులు దిగుతాయి కాబట్టి మా వైపు చాలా ఇళ్లలో లైసెన్సు తుపాకి ఉంటుంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుళ్లు వేసి, పీచు కుక్కి, గజంతో దట్టించి కాల్చే రకం. గజమంటే బారెడు ఇనుప కడ్డీ. ఆ తుపాకులకు వెనక కట్టె పగిలినా, మీట నొక్కితే కొట్టే గుర్రం వదులైనా, గొట్టం తుప్పు పట్టినా మా పంచలోకే రావాలి.

కొత్త కట్టె చెక్కాలంటే మామ కొలత దారంతో పట్టేవారు కాదు. తుపాకి గలాయన్ను ఎదురుగా నిలబెట్టి, "నీ బిడ్డనెట్ల ఎత్తుకుంటావో చూపియ్యప్పా" అనేవారు. మీసాలాయన సిగ్గుపడుతూ లేని బిడ్డను భుజానికి ఎత్తుకుంటే, ఆ భుజం వంపు చూసి కట్టె చెక్కేవారు. నేను తలుపు చాటున నవ్వాపుకోలేక చచ్చేదాన్ని. కానీ ఆ కట్టె భుజానికి గుచ్చుకుందని ఒక్కరూ తిరిగి రాలేదు.

మసి పట్టిన తుపాకి తెచ్చినవాడికి మాత్రం మాటలు తప్పేవి కావు. "బువ్వ తిన్నాక చెయ్యి కడుక్కుంటావు గదా, దీని నోరేం పాపం చేసినాది?" అంటూ, కాగిన నీళ్లు గొట్టంలో పోసి, తేటనీళ్లు వచ్చేదాకా కడిగించి, ఎండలో ఆరబెట్టి, ఆముదం పట్టించేదాకా వాణ్ణి కదలనిచ్చేవారు కాదు.

అన్నిటికంటే ముందు ఆయన చేసే పని ఒకటుంది. తుపాకి చేతికి రాగానే గజాన్ని గొట్టంలోకి జారవిడిచేవారు. లోపల ఏమీ లేకపోతే ఇనుము ఇనుముకు తగిలి ఖంగున మోగుతుంది. మందూ గుళ్లూ ఉంటే దబ్బుమని ఆగిపోతుంది. దీన్ని ఆయన పలకరించడం అనేవారు. పలికితే ఖాళీ. పలక్కపోతే "కడుపుతో ఉండాది". కొత్త కోడలిగా ఆ మాట విన్న మొదటిసారి, ఎవరి సంగతో అనుకుని లోపలికి పారిపోయాను.

ఈ పలకరింపు వెనక ఒక కథ ఉంది. అత్త చెప్పింది. నేను కాపురానికి రాకముందు ఒక రైతు తుపాకి తెచ్చాడు. గొట్టం వెనక కొసను మూసే అడుగు మర బిగుసుకుపోయింది. మామ "మందుందా?" అని అడిగారు. పాపం ఆ రైతు భార్య ఇంట్లో జ్వరంతో పడి ఉంది, మనసంతా అక్కడే. "యాడిదప్పా, నిన్ననే అయిపాయ" అన్నాడు. అతను చెప్పింది జ్వరం మందు సంగతి. మామ మర వదులు చేయడానికి గొట్టాన్ని కొలిమిలో పెట్టారు. కాసేపటికి అది పేలింది. గుళ్లు దూలానికి వేలాడుతున్న ఉయ్యాల తాడును తెంపి గోడలో దిగాయి. ఉయ్యాలలో ఉన్నది నెలల పిల్లవాడు, ఇప్పటి నా భర్త. కింద పడి ఏడ్చాడు, అంతే. మామ ఆ గోడ గుంతలను పూడ్చనివ్వలేదు. సున్నం వేసినప్పుడల్లా వాటి చుట్టూ వేయాల్సిందే. "తుపాకి సంగతి మనిషినడగొద్దు, తుపాకినే అడుగు" అనడం ఆ రోజు నుంచి మొదలైందట.

ఆయన చెవులకు దెబ్బ తగిలింది కూడా ఆ రోజే. ఏటికేడు వినికిడి తగ్గుతూ వచ్చింది. నేను వచ్చిన రెండో ఏడు, ఆయన ఒక తుపాకిలో గజం వేసి, తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసి, చివరికి నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏమంటాందమ్మా అది?" అన్నారు మెల్లగా.

"పలికింది మామా."

వినపడలేదు. నేను ఖాళీ చేతులు చూపించాక గజం పక్కన పెట్టి చెప్పారు. "నాకేమీ వినపడదు. ఊరికి తెలిస్తే ఎవురూ తుపాకి తేరు. తెస్తే నాకు ఇంకా భయం. ఉయ్యాలే కండ్లముందర ఉంటాది."

ఆ రోజు మేమిద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. తుపాకి తెచ్చినవాళ్ల వెనక గుంజ దగ్గర నేను నిలబడాలి. గజం పలికితే కొంగు తలమీద కప్పుకోవాలి, ఆయన చూసి తల ఊపేదాకా దించకూడదు. పలక్కపోతే తల అట్లాగే వదిలేయాలి. మాలో ఊరివాళ్ల ముందు ముసుగు నియమం లేదు కాబట్టి తల కప్పుకున్నా, కప్పుకోకపోయినా ఎవరికీ అనుమానం రాదు. నాలుగేళ్లు అట్లా సాగింది. ఆ నాలుగేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా రెండోసారి అడగలేదు. కన్నవాళ్లు కూడా నా మాటను అంతగా నమ్మి ఉండరు.

ఒక మధ్యాహ్నం జమేదారు వచ్చాడు. లైసెన్సులు చూసేది ఆయనే, మామ పని సాగాలన్నా ఆగాలన్నా ఆయన రాసే రెండు ముక్కలే. తన సొంత వేట తుపాకి తెచ్చాడు. అడుగు మర బిగుసుకుంది. "ఖాళీదే. పోయిన వారం నేనే కాల్చినా" అన్నాడు.

మామ నవ్వి, గజం జారవిడిచారు. దబ్బుమంది.

మామ నా వైపు చూశారు. తల ఊపి గొట్టాన్ని కొలిమి వైపు తిప్పారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అప్పుడు నా చెయ్యి తలమీదికి పోయి కొంగును తాకింది. అధికారులొస్తే కొంగు కప్పుకోవాలని అత్త నేర్పిన అలవాటు. జమేదారు గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే కప్పుకున్నాను. అదే దూలానికి, అదే ఉయ్యాలలో నా పెద్దకూతురు నిద్రపోతోంది.

అరిచి లాభం లేదు, ఆయనకు వినపడదు. జమేదారు ముందే కొంగు లాగి పారేసి, ముందుకొచ్చి, కొలిమికి అడ్డంగా నిలబడ్డాను. "కడుపుతో ఉండాది మామా" అన్నాను, వినపడదని తెలిసినా.

జమేదారు నా వైపు చూసి చటుక్కున తల దించుకున్నాడు. "ఎన్నో నెలమ్మా?" అన్నాడు.

"నేను కాదు దొరా. మీ తుపాకి."

మామ కొంగు లేని నా తలనే చూస్తున్నారు. ఏమీ అడగకుండా కింద కూర్చుని, మెలిక ఉన్న కడ్డీతో పీచు లాగి, తుపాకిని పళ్లెం మీద వంచారు. గుళ్లు జలజలా రాలాయి. వాటి వెనకే నల్లటి మందు.

ఆ విషయం అక్కడితో ముగిసిపోయేదే. తుపాకి చూసి తెలుసుకున్నానని ఆయన చెప్పి ఉంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. మామ లేచి నిలబడ్డారు. "నాకు వినపడదు దొరా. నాలుగేండ్లాయ. వినేది నా కోడలు, నేను చేస్తాండా. రాసుకుంటే రాసుకోండి."

జమేదారు పళ్లెం వైపు, ఉయ్యాల వైపు చూశాడు. ఏమీ రాయలేదు. మర వదులయ్యేదాకా కూర్చుని, పోతూ పోతూ నాకు నమస్కారం పెట్టాడు. అప్పటి నుంచి తుపాకి తెచ్చినవాళ్లు గుమ్మంలోనే "అమ్మ ఉండాదా?" అని అడగడం మొదలుపెట్టారు. మామకు అది శానా గర్వం. గుర్తు అవసరం తీరిపోయినా కొంగు కోసం చూడడం మాత్రం ఆయన మానలేదు. నన్ను కప్పుకోవడం మాననివ్వలేదు కూడా.

మొన్న ఒక రైతు వచ్చి, మామ చేతి కింద మిగిలిపోయిన తన తుపాకి అడిగాడు. పని ఆయన పూర్తిచేసే పోయారు, ఆముదం కూడా పట్టించి ఉంది. అయినా పలకరించకుండా ఎట్లా ఇవ్వడం? గజం జారవిడిచాను. ఖంగున పలికింది.

నా చెయ్యి దానంతట అదే కొంగును తలమీదికి లాగింది. కొలిమి పక్కన గోనెపట్టా మడత కూడా చెడకుండా ఉంది. ఆ రైతు తనను చూసి కప్పుకున్నాననుకుని, మర్యాదగా కళ్లు దించుకుని తుపాకి తీసుకుని వెళ్లిపోయాడు. మామ చూసి తల ఊపేదాకా కొంగు దించకూడదు. గుంజ దగ్గర అట్లాగే నిలబడ్డాను.