పూర్తి నిమిషం

అలివేలు సిస్టర్ చేతికి ఎవరి మణికట్టు చిక్కినా పూర్తి నిమిషం గడవనిదే విడిచిపెట్టేది కాదు. ఆ మనిషి రోగి కానక్కరలేదు. నాడి ఉంటే చాలు.

క్యాంటీన్ వెంకటరాయప్ప ఆవిడకు కాఫీ గ్లాసు చేతికివ్వడం మానేసి, బల్లమీద పెట్టి దూరంగా జరిగేవాడు. మారతహళ్ళి బస్సులో ఒకసారి కండక్టరు టికెట్ తీసుకోమని కన్నడంలో "టికెట్ తగొళ్ళమ్మా" అని చెయ్యి చాపితే ఆ చెయ్యే పట్టుకుంది. మూడు వేళ్ళు అతని మణికట్టు మీద, కళ్ళు తన భుజం కింద పిన్నుతో తగిలించుకున్న గడియారం మీద. "ఎనభై నాలుగు. బాగుండాదప్పా. ఇప్పుడు టికెట్ ఇయ్యి" అనేసరికి దిగవలసిన ఇద్దరు స్టాపు దాటిపోయారు.

తను పనిచేసే ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో ఆవిడ పాఠం ఒక్కటే. నాడి చూశాక రోగి చెయ్యి వదలకూడదు. ఆ పట్టు మీదనే, అతనికి చెప్పకుండా, ఛాతీ కదలిక చూసి ఊపిరి లెక్కించాలి. చెప్పామా, ఫోటోకు కూర్చున్నట్టు సర్దుకుని పీలుస్తాడు. అర నిమిషం లెక్కించి రెండుతో హెచ్చవేసేవాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట.

"మిగతా అర నిమిషం ఎవరు పీలుస్తారమ్మా, మీ మామా?"

1998 ఆగస్టులో ఊరంతా జ్వరాలు. మూడో సంవత్సరం విద్యార్థిని కళ్యాణికి మూడు వారాలుగా ఒక డ్యూటీ మీద మరొక డ్యూటీ పడుతోంది. తనకు కాళ్ళున్న సంగతి ఆమెకు నొప్పి వల్లనే తెలిసేది. ఆ మధ్యాహ్నం ఇరవై రెండు మంచాల మగవారి వార్డులో ఉన్నవాళ్ళందరికీ జ్వరం చూసింది, నాడి చూసింది. ఊపిరి దగ్గరికి వచ్చేసరికి స్టూలు మీద కూలబడి, చార్టులన్నీ ఒళ్ళో పేర్చుకుని, వరుసగా ఇరవై, ఇరవై, ఇరవై అని వేసుకుంటూ పోయింది. ఏ పుస్తకమూ తప్పుపట్టని అంకె.

అలివేలు సిస్టర్ మంచాలన్నీ తిరిగి వచ్చింది.

"ఏమమ్మా కళ్యాణీ, అందరూ ఒకే తాళానికి ఊపిరి తీస్తా ఉండారే, ఇది వార్డా, భజన మండలియా?"

"సిస్టర్..."

"తొమ్మిదో మంచం ఆవులప్ప పొద్దున్నే ఇంటికి పోయినాడు. ఆయన మంచం కూడా ఇరవైసార్లు పీలుస్తా ఉండాది. పధ్నాలుగో మంచం చిక్కమునియప్పకు ఇరవై ఎనిమిది. డాక్టరుకు నేనే చెప్పొస్తిని."

కళ్యాణి స్టూలు మీంచి లేచింది. వార్డు రికార్డు మీద ఈవిడ సంతకం లేకపోతే వచ్చే నెల ఫైనల్ పరీక్ష లేదు. ఆ భయం ముగిసేలోపే మణికట్టు ఆవిడ చేతిలో ఉంది. నిమిషం చాలా మెల్లగా గడిచింది.

"నూట నాలుగు. దుప్పట్ల గదికి పో. రెండు గంటలు. అన్నీ లెక్కపెట్టు."

దుప్పట్ల గది శిక్ష స్కూలంతటికీ పరిచితమే. స్నేహితురాలు బేబీ ఆ ఏడాది మూడుసార్లు అనుభవించింది. ఎలా ఉంటుందని అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేది.

నలభై ఒకటో దుప్పటి మడత మీద తల ఆన్చడం వరకే కళ్యాణికి జ్ఞాపకం. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సిస్టర్.

"లెక్క ఎంతకు వచ్చింది?"

"నలభై ఒకటి, సిస్టర్."

ఆవిడ మణికట్టు పట్టుకుంది. "డెబ్బై ఆరు. సరిపోయింది" అని గోడకు వేలాడే రిజిస్టరులో రాసి వెళ్ళిపోయింది.

కళ్యాణి ఆ పుట చూసింది. పైన "దుప్పట్లు" అని శీర్షిక. కింద విద్యార్థినుల పేర్లు, ఒక్కొక్క పేరుకు రెండేసి అంకెలు. బేబీ: 108, 74. మళ్ళీ బేబీ: 99, 72. దుప్పట్ల సంఖ్య ఏ పుటలోనూ లేదు.

ఆమె వార్డుకు వెళ్ళి ఇరవై ఒక్కమందికీ, ఒక్కొక్కరికి పూర్తి నిమిషం, ఊపిరి లెక్కించింది. పధ్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది; ఏ ఇద్దరు పక్కపక్కవాళ్ళకూ ఒకటి కాదు. ఆక్సిజన్ పెట్టిన చిక్కమునియప్పకు ఇరవై రెండుకు దిగింది.

"నువ్వు లేనప్పుడు ఆ పెద్ద సిస్టరమ్మే అందరికీ ఒళ్ళు తుడిచి, పక్కలు మార్చెనమ్మా" అన్నాడాయన మెల్లగా. "నా చెయ్యి మాత్రం పట్టుకుంటే వదల్లేదు."

సాయంకాలం అలివేలు సిస్టర్ అంకెలన్నీ వేలితో చదివి, రికార్డు మీద సంతకం పెట్టి, పెన్ను చాపింది. కళ్యాణి పెన్ను అందుకోలేదు, మణికట్టు అందుకుంది.

"ఏందమ్మా ఇది? అర నిమిషం చాలుపో."

"మాట్లాడొద్దు సిస్టర్. లెక్క తప్పుతుంది."

నిమిషం పూర్తిగా గడిచింది.

"నూట రెండు," అంది కళ్యాణి. "నేను నలభై ఒకటి దాకా లెక్కపెట్టినాను. నలభై రెండు నుంచి మీరు మొదలుపెట్టండి."