వెనక నుంచి పిలిచిన కల

పొద్దున మా మనవరాలు ఫోన్లో ఏదో చూసి, రోజూ కలలు రాసుకుంటే కలలో ఉండగానే అది కలని తెలిసిపోతుందట నానమ్మా అంటూ కొత్త పుస్తకం తెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. సంతకం తప్ప మరేమీ రాయడం రాని నేను, దాని నాన్న బడికి వెళ్ళే రోజుల్లోనే ఆ పని చేశాను. ఇప్పుడు ఈ కథ నేను చెబుతుంటే ఆ పిల్లే రాస్తోంది, నా ఈడువాళ్ళు ఎవరితోనైనా చదివించుకుని వింటారని.

తొంభైల్లో ఒక తుపానుకి మా ఆయన సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, పడవా దొరకలేదు. మాలో వేటకి వెళ్ళే మగవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, పిలిస్తే కీడు. ఆరోజు వల భుజాన వేసుకుని ఇసుకలోకి దిగిపోతుంటే గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డాను, నాకు మిగిలింది ఆ వీపొక్కటే. ఇంట్లో ఫోటో అయినా లేదు, రానురానూ ఆయన ముఖం నా మనసులో చెదిరిపోసాగింది. కలలోకి వచ్చినా ఆ వీపే వచ్చేది, అక్కడ కూడా కీడుకి భయపడి పిలిచేదాన్ని కాదు, లేచాక మాత్రం పోయినవాడికి ఇంకేం కీడే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

సీతమ్మధారలో నా దగ్గర వాడుకగా చేపలు కొనే టీచరమ్మ ఒకావిడ ఇది విని, లేవగానే కలని కాగితం మీద పెట్టు, పెట్టగా పెట్టగా కలలో మాత్రమే ఉండే గుర్తేదో దొరుకుతుంది, అది పట్టుకున్నావంటే కలలోనే తెలివొస్తుంది అంది. నాకు అక్షరాలేవి? కొడుకు పాత నోటుపుస్తకంలో ఖాళీలు చూసి పెన్సిలుతో బొమ్మలేశాను, పడవ, గంప, ఆ వీపు. ఒళ్ళు వెచ్చబడినా మానలేదు, టీ చుక్క గొంతులో పడకముందే వేసేదాన్ని. అలా గంప బొమ్మ వేస్తూ వేస్తూ ఒకనాడు చెయ్యి ఆపేశాను. కలలో గంపనిండా చేపలుంటాయి, నీచువాసన మాత్రం ఉండదు! మెలకువలో ఏ సబ్బుకీ వదలని వాసన అది.

ఇక పట్టు పట్టాను. పగలు అలవాటు చేసుకుంటే కలలోనూ చేస్తానని, గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని ఇది నిజమా కలా అనుకునేదాన్ని. వన్ టౌన్ బజారులో నా పక్కన చేపలమ్మే వదిన ఊరుకుంటుందా?

"ఏటే, మాటిమాటికీ సెయ్యి వాసన సూత్తన్నావు? సేపలకి అత్తరేటైనా రాసినావేటి?"

"రాసినాను వదినా, నీకూ ఓ సుక్క కావాలేటి?"

అందరూ నవ్వేవారు, నవ్వనీ అనుకున్నాను.

చలికాలం, తెల్లవారుజాము కల. ఇసుక, వల, వీపు. చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికొచ్చింది. వాసన లేదు. ఇది కలే, ఇక్కడ కీడు లేదు. మొగుడి పేరు ఏనాడూ పలికినదాన్ని కాదు, అందుకే కొడుకు వంకతో గొంతు చించుకుని అరిచాను.

"ఓ పిల్లోడి అయ్యా! ఓపాలి ఇటు తిరుగు!"

తిరిగాడు. ఎండకి చిట్లించిన కళ్ళు, గడ్డం మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి.

"ఎనకాల నుంచి పిలుత్తావేటే, బుద్ధి నేదా?" అని కసిరాడు, కసురుతూనే నవ్వాడు.

ఇప్పుడు ఒడ్డున పడుచుపిల్లలు పడవెక్కే మొగుళ్ళని పేరు పెట్టే కేకేస్తారు, వాళ్ళు వెనక్కి తిరిగి చెయ్యూపుతారు. ముసలివాళ్ళు గొణుక్కుంటారు, నేను గొణగను. మా రోజుల్లో ఆ కేక ఒక్కటి మాకు ఉండుంటే, ఈ పేటలో ఎంతమంది ఆడవాళ్ళకి పోయిన మొగుళ్ళ ముఖాలు మిగిలేవో.