ఉపవాసం మీద నా మొదటి ప్రసంగం

నా మొదటి ప్రసంగం విన్నవాళ్లు దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు. వాక్యం గుర్తుండి కాదు. అది మూడో మాట దగ్గర ఆగిపోయింది. ఆగిన తీరు దైవసేవకుడికి గానీ, బీకాం పాసైనవాడికి గానీ అంత శోభనిచ్చేది కాదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెప్తాను. మీరిప్పుడే భోజనం చేసి ఉంటే మాత్రం కాస్త అరిగాక చదవండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ప్రొద్దుటూరులో డిగ్రీ ముగించి, పులివెందులలో మా సంఘంవాళ్లు పెట్టిన యువజన శిబిరంలో వారం రోజులు కూర్చున్నాను. అక్కడ ఒక పెద్దాయన ఆఫ్రికా పల్లెల్లో సువార్త చెప్పి వచ్చిన అనుభవాలు వినిపించారు. నదులు దాటడం, చలిజ్వరాలు, గుడిసె బయట సింహం గుర్రుమనడం. ఆఖరి రోజున "ఎవరెవరు వెళ్తారు?" అని అడిగితే నేను రెండు చేతులూ ఎత్తాను. కమిటీ పెద్దలు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"ఆఫ్రికా యాడికీ పోదులే నాయనా. జమ్మలమడుగు అవతల ఒక పల్లె ఉంది. ముందు ఆడ పది దినాలు ఉండి రాపో. ఆడ నెగ్గుకొస్తే అప్పుడు చూస్తాం."

ఆఫ్రికా కోసం సర్దుకున్న పెట్టెతోనే బస్సెక్కాను. దోమతెర, టార్చిలైటు, జ్వరం మాత్రలు, పాముకాటుకు ఏదో వేరు. ప్రయాణం రెండు గంటలు. సింహానికి కూడా సిద్ధపడి వెళ్లినవాణ్ని, మజ్జిగకు సిద్ధపడలేదు.

అవి జీపుల రోజులు. ఊరికి రెండు పార్టీలు, పార్టీకి రెండు జీపులు, జీపు నిండా మీసాలు. నేను వెళ్లిన ఊళ్లో పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఒక పార్టీ. ఊరి పేరు చెప్పను. ఇప్పుడు రెండు వీధుల వాళ్లూ బాగా చదువుకున్నారు.

బస్సు దిగగానే పాస్టరు దేవదానం అయ్యగారు నన్ను చర్చి అరుగు మీద కూర్చోబెట్టారు. బక్కపలచని మనిషి. చంకలో బైబిలు, భుజాన నీళ్ల సీసా.

"బ్రదర్, నేను పక్కూర్లో పెళ్లి ప్రార్థనకు పోయొస్తా. నువ్వు ఈడే ఉండు. ఎవురేమిచ్చినా తినొద్దు, తాగొద్దు."

"ఎందుకండీ?"

"వచ్చినాక చెప్తా."

చెప్పి వెళ్లుంటే ఈ కథే లేదు. కానీ శిబిరంలో ఆ పెద్దాయన, మొదటి రోజే జనంలో కలిసిపోవాలని నొక్కి చెప్పారు. అరగంట కూర్చున్నాను. తర్వాత లేచి కలిసిపోవడానికి బయలుదేరాను. కిందివీధి సగం దాటేసరికి ఎండకు నాలుక అంగిట్లో అతుక్కుంది.

"ఏం నాయనా, ఈ ఎండలో యాడికి పోతాండావు? రా, ఇంత మజ్జిగ తాగిపో."

ఆ పిలిచినావిడ శాంతమ్మ. నేను మూడు గ్లాసులు తాగాను. తాగి ఊరుకోవచ్చు కదా? చదువుకున్నవాణ్ని, మర్యాద తెలిసినవాణ్ని, వీధంతా వినపడేలా "ఇంత మంచి మజ్జిగ ఈ జిల్లాలోనే తాగలేదమ్మా!" అన్నాను. ఆ మెచ్చుకోలు నాకంటే ముందు పైవీధికి చేరింది.

సాయంత్రం అయ్యగారు సైకిలు స్టాండు కూడా వేయకుండా వచ్చేశారు.

"తాగినావా?"

"మజ్జిగేనండీ."

"ఎవురింట్లో?"

"శాంతమ్మగారని..."

ఆయన మెల్లగా అరుగు మీద కూలబడ్డారు.

"నేనీ ఊరికొచ్చి పదకొండేండ్లు. ఒకరింట్లో గుక్కెడు నీళ్లు తాగలా. ఈడ ఎవురింట్లో తాగితే వాళ్ల పార్టీ. నువ్వొచ్చిన గంటకే కిందివీధి మనిషివైపోతివి."

లోపలికి తీసుకెళ్లి చర్చి చూపించారు. ఇటు చాప మీద పైవీధి కూర్చుంటుందట, అటు చాప మీద కిందివీధి. మధ్యలో ఎద్దులబండి పట్టేంత ఖాళీ. పదకొండేళ్లుగా ఆ ఖాళీలో పిల్లి తప్ప ఎవరూ కూర్చోలేదు.

"శాంతమ్మకు ఒక అక్క ఉంది, సుందరమ్మ. పైవీధికి ఇచ్చినారు. మొగుళ్లు చెరొక జీపు ఎక్కినాంక అక్కాచెల్లెండ్లకు మాటల్లేవు. ఆరేండ్లాయ. అమ్మ చచ్చిపోతే సమాధికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడి ఏడ్చినారు." "ఆ ఇద్దురూ ఒక్క మాట మాట్లాడుకుంటే చాలు బ్రదర్, ఊరు దానంతటదే దారికొస్తాది. ఈ ఆదివారం రెండు వీధులూ కలిసి ప్రభువు బల్లలో, ఒకే రొట్టెలో చెయ్యేస్తామని ఎంత కష్టం మీదనో ఒప్పుకున్యారు. ఇప్పుడు పైవీధోళ్లు రామంటాండారు."

తప్పు నాది, దిద్దుకోవాల్సింది నేనే. "అయితే పైవీధిలో కూడా తాగుతానండీ!" అన్నాను.

"సరే తాగు. తాగేది మటుకు సమానంగా తాగు."

సమానం అన్నది ఎంత ప్రమాదకరమైన మాటో బీకాంలో చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే సుందరమ్మ గడపలో నిలబడ్డాను.

"ఏం నాయనా, ఆడ మూడు గ్లాసులు తాగినావంటనే! మా ఇంటి మజ్జిగ గొంతు దిగదా ఏంది?"

నాలుగు తాగాను. మధ్యాహ్నానికల్లా కిందివీధి నుంచి కబురు: "ఆడ నాలుగంటనే. మా ఇంట్లో బువ్వకు రమ్మను." వెళ్లి సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాను. ఆ చెయ్యి కడుక్కునేలోపే పైవీధి పిలుపు. అక్కడ సంగటికి తోడు నాటుకోడి పులుసు. రాత్రికి కిందివీధిలో పులుసుతోపాటు ఓళిగలు, అంటే బొబ్బట్లు. రెండు వీధుల మధ్య నేను గానుగెద్దులా తిరిగాను. గానుగెద్దుకు కనీసం ఎదురుగా ఎవరూ విస్తరి వేయరు.

అయితే ఒకటి గమనించాను. శాంతమ్మ మూడో ముద్ద వేస్తూ నన్ను చూడకుండా అడిగేది.

"ఆయమ్మ ఊరిబిండిలో చింతకాయ ఏసిందా? మాయమ్మ ఏసేది."

"వేసిందమ్మా."

"వడ్డించేటప్పుడు నిలబడిందా, కూచునిందా?"

"కూర్చుందమ్మా. లేవడానికి గోడ పట్టుకుంది."

శాంతమ్మ ఇంకో ముద్ద వేసింది. అవతల ఇంట్లో సుందరమ్మది ఇంకో రకం ఆరా.

"దాని కూతురు బడికి పోతాందా?"

"పోతోందమ్మా. నాకు పద్యం కూడా అప్పజెప్పింది."

"ఆఁ, పోతే పోయిందిలే, నాకెందుకు," అని రెండు గరిటెల నెయ్యి పోసింది.

నేను వాళ్లిద్దరి మధ్య తిరిగే ఉత్తరాన్ని. నా మీద ముద్ర మాత్రం సంగటితో వేసేవాళ్లు. అందుకే కడుపు వద్దన్నా నోరు వద్దనలేకపోయింది.

శనివారం సాయంత్రం అయ్యగారు వచ్చారు. "రెండు వీధులూ వస్తామన్యారు. రేపు వాక్యం నువ్వే చెప్పాల."

"అంశం ఏమిటండీ?"

"ఉపవాసం."

"అయ్యగారూ, క్షమాపణ గురించి చెప్తాను. సృష్టి గురించి చెప్తాను."

"నెల కిందటే ఒప్పుకున్య అంశం బ్రదర్. మారిస్తే ఏ పార్టీ మార్పించిందంటారు."

ఆదివారం పొద్దున పైవీధిలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. కిందివీధిలో దోసెలు, కోడికూర. చర్చికి నడిచి వెళ్లలేదు, దొర్లుకుంటూ వెళ్లానని చెప్తే నిజానికి దగ్గరగా ఉంటుంది. చాపలు రెండూ నిండాయి. అటు ముందు వరసలో శాంతమ్మ, ఇటు ముందు వరసలో సుందరమ్మ. నేను గొంతు సవరించుకున్నాను.

"ప్రియులారా, ఉపవాసమంటే కడుపు మాడ్చుకోవడం కాదు."

బాగానే వచ్చింది.

"ఆకలి మనకు నేర్పే పాఠం..." అంటుండగా, లోపల్నుంచి కోడికూర తన అభిప్రాయం చెప్పింది. చర్చంతా వినపడింది. వెనక నుంచి ఒక తాత భక్తిగా "ఆమెన్" అన్నాడు.

"నేను గత నాలుగు రోజులుగా..." అన్నాను. అంతే. చాపలు, తాత, దీపస్తంభం అన్నీ ఒకసారి తలకిందులై, నేను వేదిక మీంచి సరిగ్గా ఆ మధ్య ఖాళీలో వెల్లకిలా పడ్డాను.

రెండు వైపుల నుంచీ రెండు చీరలు పరుగెత్తుకొచ్చాయి.

"ఏం పెట్టినావే బిడ్డకు?" సుందరమ్మ గొంతు.

"నేనేం పెట్టినా? దోసెలే! నీ మిరపకాయ బజ్జీలకే పడినాడు."

"బజ్జీలకు మనుషులు పడతారా? పొద్దన్నే కోడికూర పెట్టింది ఎవురు?"

"నువ్వు నెయ్యి పోయలా గరిటెలు గరిటెలు? ఇంగ జరుగు పక్కకు. ఆ మోకాళ్లతో కింద కూచుంటివే, యట్ల లేస్తావు?"

"నా మోకాళ్ల సంగతి నీకెవురు చెప్పినారే?" అంది సుందరమ్మ, చాలా మెల్లగా.

"ఎవురు చెప్పాల? అమ్మకు గూడా ఇట్లే గదా మొదులైంది. నూనె కాంచి రాయాలక్కా, ఊరికే గోడ పట్టుకుంటే పోతాదా?"

ఆ తర్వాత ఇద్దరూ ఏడవడం వినిపించింది. ఒకరి చెయ్యి నా నుదుటి మీద, ఒకరి చెయ్యి నా పొట్ట మీద.

వినిపించడం ఏమిటి, స్పృహ లేదు కదా అని మీకు అనుమానం రావచ్చు. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను. నాకు నిమిషంలోనే తెలివొచ్చింది. కళ్లు తెరవబోతుంటే ముఖం మీద చల్లగా నీళ్లు పడ్డాయి. అయ్యగారు నా చెవి దగ్గరికి వంగారు. ప్రార్థన చేస్తున్నారేమో అనుకున్నాను.

"లేయొద్దు బ్రదర్," అన్నారు గుసగుసగా. "ఇంకా అమ్మ కాడికే వచ్చినారు."

లేవలేదు. ముక్కు మీద ఈగ వాలినా లేవలేదు. ఆరేళ్ల కబుర్లకు పట్టినంతసేపు అలాగే పడుకున్నాను. ఆ రోజు ప్రభువు బల్ల చాలా ఆలస్యంగా మొదలైంది. ఏ చాప నుంచీ ఒక్కరూ లేచి వెళ్లలేదు.

అయినా తప్పు తప్పే. దేవుని మందిరంలో, సంఘమంతా కన్నీళ్లతో చూస్తుండగా, స్పృహ తప్పినట్టు నటించడం క్షమించరానిది. అందుకే అక్కడే, కళ్లు మూసుకునే, గంభీరంగా ప్రమాణం చేశాను: ఇక జన్మలో ఏ చర్చిలోనూ ఇలాంటి మోసానికి ఒడిగట్టను. మాటల్లేని అక్కాచెల్లెళ్లు ఎవరైనా ఎదురుపడితే మాత్రం, ముందుగా అయ్యగారి అనుమతి తీసుకుంటాను.