సిపోలా ప్రార్థన ముగిసేదాకా

సిపోలా ప్రార్థన మొదలుపెట్టిందంటే పొయ్యి మీంచి దింపిన చేమదుంపలు చల్లారి గట్టిపడాల్సిందే. నడిసముద్రంలో ఉన్న సవాయి దీవిలో ఆ ఊరివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మధ్యాహ్నమంతా చాప అల్లుతూ రేడియోలో వార్తలు వింటుంది. విన్నవన్నీ మూటగట్టుకుని, సాయంత్రం దేవుడి ముందు ఒక్కొక్కటే విప్పుతుంది. ఎక్కడో కూలిన గని, ఎక్కడో యుద్ధం, ఏదో సముద్రంలో దారి తప్పిన పడవ, ఎవర్నీ వదలదు.

"మీ అత్త ప్రార్థన లోకమంతా తిరిగి మన రేవుకి వచ్చేలోపల నాకో కునుకు పడుతుందే" అని పక్కింటి అకెనెసే ఆమె కోడల్ని ఆటపట్టించేది. కోడలు ఫువాటినో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అత్త ఎదుట మాత్రం నవ్వేది కాదు.

సిపోలాకి ఈ వేళాకోళం తెలియక కాదు. "వార్త విన్నావంటే ఆ మనిషి నీ గుమ్మంలోకి వచ్చినట్టే. వచ్చినవాణ్ణి పలకరించకుండా పంపేస్తావా?" అనేది. ఆమెని చూసి నవ్వడం తేలికేగానీ, మనలో చాలామంది వార్తలు విని చేసేదేముంది? అయ్యో అని నాలుక చప్పరించి అన్నానికి కూర్చుంటాం. ఆమె అలా కూర్చోలేకపోయేది. మొగుడు చేపల వేటకి వెళ్ళి తిరిగి రానప్పుడు, పేరు కూడా తెలియని ఊళ్ళవాళ్ళు తన కోసం ప్రార్థించారని ఎవరో చెప్పారట. ఆ రుణం తీరుస్తున్నాననుకునేది.

పొద్దుగుంకే వేళకి ఆ ఊళ్ళో శంఖం ఊదుతారు. మళ్ళీ ఊదేదాకా ఇంటింటా కుటుంబ ప్రార్థన. అంతసేపూ రోడ్డు మీద ఎవరూ తిరగకూడదు. ఊరి కుర్రాళ్ళు లుంగీలు బిగించి రోడ్డు పక్కన వరసగా నిలబడతారు. బండ్లేమైనా వస్తే ఆపేస్తారు. ఊరందరికీ ఇది నియమమైతే సిపోలాకి ప్రాణం. ఒకసారి ప్రార్థన మధ్యలో పక్కింటి పంది వచ్చి వంటపాకలోంచి కాల్చిన పనసకాయ ఎత్తుకుపోయింది. ఇంటిల్లిపాదీ చూస్తూనే ఉన్నారు. ఒక్కరు కదిలితే ఒట్టు. ఆ కథ చెప్పుకుని ఊరు ఏడాదంతా నవ్వింది.

రూటాకి జ్వరం వచ్చింది కూడా అలాంటి ఒక మామూలు రోజునే. రూటా సిపోలా మనవరాలు, ఫువాటినో కూతురు, ఐదేళ్ళది. పొద్దున వేడి కోకో తాగనంది. మధ్యాహ్నానికి ఒళ్ళు పెనంలా కాలింది. సిపోలా నుదుటికి తడిగుడ్డ వేసి, కొబ్బరినూనెతో పాదాలు రుద్దింది. ఎంతమంది పిల్లల జ్వరాలు చూసిందో ఆమె. సాయంత్రానికి పిల్ల పక్కటెముకలు ఎగిరెగిరి పడటం మొదలైంది.

"అత్తయ్యా, దీని ఊపిరి బాగోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్దాం" అంది ఫువాటినో.

సిపోలా కొడుకు, పిల్ల తండ్రి పెనియెలీ తన మేనమామ బండి కోసం పరిగెత్తాడు. బండి తెచ్చి ఇంటిముందు ఆపేసరికి శంఖం మోగింది. అతను ఇంజను ఆపకుండానే దిగి లోపలికి వచ్చాడు.

"ఎక్కండి, ఎక్కండి. కుర్రాళ్ళకి నేను చెప్తాలే."

"శంఖం వినపడలేదా?" అంది సిపోలా. "ఇంజను ఆపు. ప్రార్థన చేసుకుని వెళ్దాం."

"అమ్మా, పిల్లని చూడు."

"చూస్తూనే ఉన్నాను. దేవుణ్ణి దాటుకుని డాక్టరు దగ్గరికి పోతామా? నా ఇంట్లో అది జరగదు. కూర్చో."

పెనియెలీ పెళ్ళాంవైపు చూశాడు. ఆమె అత్తవైపు చూసింది. తర్వాత అతను వెళ్ళి తాళం తిప్పి ఇంజను ఆపి వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో సిపోలా మాటకి ఎదురు చెప్పిన వాళ్ళు అప్పటిదాకా లేరు మరి.

పాట పాడారు. వాక్యం చదివారు. సిపోలా కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది. రూటాని స్వస్థపరచమని అడిగింది. అక్కడ ఆమెన్ అనేసి ఉంటే ఎంత బాగుండేది. కానీ ఆ రోజు రేడియోలో ఏదో దూరదేశంలో బడి మీద కొండచరియ విరిగిపడిందని చెప్పారు. తన పిల్ల కోసం అడిగి వాళ్ళ పిల్లల్ని మర్చిపోతే అది స్వార్థం కాదా అనిపించిందామెకి. మట్టికింద ఉన్న పిల్లల కోసం, గుండెలు బాదుకుంటున్న వాళ్ళ తల్లుల కోసం, మట్టి తవ్వుతున్న చేతుల కోసం ప్రార్థించింది. కన్నీళ్ళు పెట్టుకుంది. ఆ కన్నీళ్ళలో ఏ నటనా లేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో రూటా "నీళ్ళు" అంది. సిపోలా గొంతు కాస్త పెంచింది.

రెండో శంఖం ఊదాక బయల్దేరారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర బండి ఆగేసరికి రూటా తల్లి ఒడిలోనే ఊపిరి వదిలేసింది.

"ఎగఊపిరి ఎప్పట్నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

సిపోలా ఉన్నదున్నట్టు చెప్పింది. శంఖం మాట, ప్రార్థన మాట, అన్నీ చెప్పింది. డాక్టరమ్మ తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ తల వంచుకుంది.

"ముందే తెస్తే బతికేదా?" అని సిపోలా అడిగింది.

"అది నేను చెప్పలేనమ్మా" అంది డాక్టరమ్మ.

పిల్లని ఇంటిముందే, సముద్రంలో పోయిన తాత పేరున కట్టిన ఖాళీ సమాధి పక్కన పూడ్చారు. ఆ దీవిలో పోయినవాళ్ళని దూరంగా పంపరు. తెల్లటి సిమెంటుతో సమాధి కట్టి, కుండీల్లో పూలు పెట్టి కళ్ళెదుటే ఉంచుకుంటారు. అంత్యక్రియలకి వచ్చిన ఆడవాళ్ళు సిపోలా వీపు నిమురుతూ, "దేవుడి చిత్తం, ఏం చేస్తాం" అన్నారు.

"ఆయన మీదకి నెట్టకండి. బండి ఆపించింది నేను" అంది సిపోలా. వాళ్ళు పక్కకి జరిగారు.

అందరూ వెళ్ళాక పాస్టరు అయ్యగారు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "జబ్బుమనిషిని తీసుకెళ్ళే బండిని మనం ఎప్పుడైనా ఆపామా సిపోలా? కుర్రాళ్ళు దారి వదిలి నిలబడ్డారట. బండి ఎందుకు కదలట్లేదో వాళ్ళకి అర్థం కాలేదట" అన్నారు.

నిలదీయాలని అన్న మాట కాదది. ఆయన కూడా ఏడుస్తూనే అన్నారు. కానీ ఆ మాట ఆమె గుండెలో గునపంలా దిగింది. దేవుడు ఆపలేదు, ఊరు ఆపలేదు. ఆపింది తనొక్కతే.

మర్నాడే ఫువాటినో పుట్టింటికి వెళ్ళిపోయింది. పుట్టిల్లంటే పక్క ఊరే. వెళ్తూ అత్తని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తిట్టినా బాగుండేది అని సిపోలా అల్లాడిపోయింది. ఆ ఇంట్లో ప్రార్థన వేళకి పెనియెలీ ఒక్కడే నాలుగు ముక్కలు చదివి లేచిపోయేవాడు. సిపోలా స్తంభానికి ఆనుకుని సమాధివైపు చూస్తూ ఉండేది. కోడలి మొహం ఇక చూడనేమో, ఆమె తనని క్షమించకుండానే తను పోతానేమో అన్నదే ఆమె దిగులు.

ఒకరోజు తన అన్నని పిలిచింది. వాళ్ళ కుటుంబానికి పెద్ద ఆయనే.

"ఫువాటినో వాళ్ళింటికి ఇఫోగా వెళ్దాం" అంది.

ఆయన అదిరిపడ్డాడు. ఇఫోగా అంటే మాటలు కాదు. ఒక కుటుంబంవాళ్ళు ఇంకో కుటుంబం మనిషిని చంపితేనో, చెరిస్తేనో చేసేది. తప్పు చేసినవాళ్ళు తెల్లవారకముందే ఎదుటివాళ్ళ ఇంటిముందుకెళ్ళి, మేలైన చాప నెత్తిమీద కప్పుకుని తలొంచి కూర్చుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండైనా వానైనా, రాళ్ళు పడినా అలాగే కూర్చోవాలి.

"మతి పోయిందా నీకు? ఇంటి విషయానికి ఇఫోగా ఏమిటి? మనమేమైనా హత్య చేశామా?"

"చేశాం" అంది సిపోలా.

ఆయన రానన్నాడు. పెనియెలీ వస్తానంటే ఆమె వద్దంది. పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప బయటికి తియ్యని, పట్టులా మెత్తగా అల్లిన తన అమ్మ చాప చంకలో పెట్టుకుని కోడిజాముకే ఒక్కతే నడిచి వెళ్ళింది. ఫువాటినో పుట్టింటి ముందు గడ్డి మంచుకి తడిసి ఉంది. మోకాళ్ళు నొప్పెడుతున్నా కూర్చుని చాప కప్పుకుంది.

తెల్లవారింది. అల్లిక సందుల్లోంచి సన్నగా వెలుతురు వచ్చింది. గోడలకి బదులు ఇంటి చుట్టూ కట్టిన తెరలు పైకి చుట్టిన చప్పుడు, ఎవరో ఆడమనిషి "అయ్యో, ఎవరది" అనడం వినిపించాయి. తర్వాత ఫువాటినో తండ్రి సొలొనైమా దగ్గు వినిపించింది.

"అక్కయ్యగారూ, ఇదేం పని? లేవండి."

ఆమె పలకలేదు. చాప కిందున్నవాళ్ళు పలకకూడదు. పాదాల చప్పుడు దగ్గరికొచ్చింది. చాప ఎత్తుతారనుకుంది. పైకి లేవడానికి బదులు చాప పక్కనుంచి కొద్దిగా తెరుచుకుంది. ఎవరో వంగి లోపలికి దూరారు. భుజానికి భుజం తగిలింది. ఫువాటినో.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? నువ్వు బయట ఉండాలి" అంది సిపోలా, పలకకూడదన్న సంగతి మరిచిపోయి.

"నేనూ ఇక్కడే ఉండాలి అత్తయ్యా."

"నీ తప్పేముంది తల్లీ? నాకు భయపడి కూర్చున్నావు."

"మొదట భయమే. తర్వాత, ఇంకాసేపట్లో అయిపోతుందిలే అనుకున్నాను" అంది ఫువాటినో. "రూటా నా చెయ్యి గిల్లింది. గిల్లి గిల్లి వదిలేసింది. మీరు కళ్ళు మూసుకున్నారు అత్తయ్యా. నావి తెరిచే ఉన్నాయి."

సిపోలా కోడలి తల తన భుజం మీదకి లాక్కుంది. ఇద్దరూ ఆ ఇరుకులో వెక్కివెక్కి ఏడ్చారు.

"ఫువాటినో, బయటికి రా అమ్మా" అన్నాడు సొలొనైమా. "ఎత్తాల్సినదానివి నువ్వే కింద కూర్చుంటే ఎలా?"

"మీరే ఎత్తండి నాన్నా."

ఆయన వంగి చాప అంచు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే ఉండిపోయాడు. కాసేపటికి అంచు వదిలేసి, వాళ్ళ పక్కనే తడిగడ్డిలో కూలబడ్డాడు.

"నేనెవర్ని ఎత్తడానికి? ఎత్తాల్సింది ఆ పోయిన పిల్ల" అన్నాడు.

ఎండెక్కింది. ఇరుగుపొరుగు వచ్చి దూరంగా నిలబడ్డారు. చాప ఎవరూ ఎత్తలేదు.